కొత్తరేవు ఆఫీసులో ఎవరూ లేరు

పంట్లు, పడవల తనిఖీ శాఖలో సూపరింటెండెంటుగా పనిచేస్తున్న భుజంగరావుకి జీవితంలో ఒకే ఒక్క గర్వం. ఉద్యోగంలో చేరాక ఆయన ఒక్క రోజు సెలవు పెట్టలేదు. పెళ్లినాడు కూడా, ముహూర్తం తెల్లవారుజామున అయిపోయింది కదా అని, బాసికం విప్పి జేబులో పెట్టుకుని టైముకి ఆఫీసుకొచ్చి రిజిస్టరులో సంతకం పెట్టి వెళ్లాడని శాఖలో చెప్పుకుంటారు. ఈ సంగతి ఆయన భార్య వర్ధనమ్మ కూడా చెబుతుంది గాని, ఆవిడ చెప్పే తీరు వేరు.

అలాంటి మనిషి ఒక సోమవారం నుంచి ఆఫీసులో లేకుండా పోయాడు. రోజూ వచ్చేవాడు. తన కుర్చీలోనే కూర్చునేవాడు. మధ్యాహ్నం క్యారేజీ విప్పుకుని పెరుగన్నంలో మాగాయ నంజుకుని తినేవాడు. అయినా లేడు. ఆయనొక్కడే కాదు, గోదావరి ఒడ్డున ఉన్న కొత్తరేవు ఆఫీసు మొత్తంలో ఎవరూ లేరు.

దీనికి మూలం కేంద్ర కార్యాలయం నుంచి వచ్చిన ఒక సర్క్యులరు. కమిషనరు గారు ఎక్కడో ఒక సదస్సుకి వెళ్లి, హాజరుపట్టీ అనేది నాగరికతకి తగని వస్తువని తెలుసుకుని వచ్చారు. వచ్చిన మర్నాడే ‘ఉపస్థితి’ అనే ప్లగిన్ తయారు చేయించారు. ఆఫీసు కంప్యూటర్లలో ఇప్పటికే ఉన్న సాఫ్ట్‌వేరుకి దాన్ని తగిలిస్తే చాలు, ఎవరు వచ్చారో ఎవరు రాలేదో అదే చూసుకుంటుంది. సర్క్యులరులో ఇలా ఉంది:

“సోమవారము మొదలుకొని ఉపస్థితియందు నమోదు కాని ఉద్యోగి హాజరు కానట్లే పరిగణింపబడును. ఉద్యోగి కార్యాలయమునందు కనబడుట అనునది అతడు హాజరైనాడనుటకు తగిన సాక్ష్యము కానేరదు. హాజరు కాని ఉద్యోగి చేసిన సంతకము ఫోర్జరీగా భావింపబడును.”

భుజంగరావు దాన్ని నిలబడి చదివాడు. మొన్నటిదాకా వాడిన హాజరు రిజిస్టరుని పసుపు గుడ్డలో చుట్టి, పైన ఒక చామంతి దండ పెట్టి, ఆదేశం ప్రకారం కేంద్ర కార్యాలయానికి పార్సిలు చేశాడు. సోమవారం అందరికంటే ముందొచ్చి కంప్యూటరు ముందు కూర్చున్నాడు. పక్కన సీనియర్ అసిస్టెంటు హైమవతి నిలబడింది. ఆవిడకి కంప్యూటర్లంటే భయం లేదు, పై అధికారులంటే కొంచెం నవ్వు.

ప్లగిన్ దిగింది. తెర మీద ఒక ప్రశ్న వచ్చింది: ‘మీరు హాజరయ్యారా?’ కింద రెండు బొత్తాలు. ఒకటి పెద్దది, ఆకుపచ్చది: ‘అవును.’ రెండోది చిన్నది, బూడిదరంగుది: ‘తర్వాత.’

“ఆ చిన్నది నొక్కి చూద్దామా సార్?” అంది హైమవతి.

భుజంగరావు ఆవిడకేసి చూసిన చూపుకి బొత్తాం కూడా సిగ్గుపడి ఉండాలి. “హాజరయ్యారా అని గవర్నమెంటు అడిగితే, తర్వాత అని చెబుతామా అమ్మా? రాతపూర్వకంగా?”

ఆయన గుండెల నిండా గాలి పీల్చుకుని ‘అవును’ నొక్కాడు. చక్రం ఒకటి గిరగిరా తిరిగి ఆగింది. ‘ప్రాథమిక అమరిక విఫలమైనది. అమరికకు హాజరైన ఉద్యోగి ఆమోదము అవసరము. మీరు ఇంకను హాజరు కాలేదు. అమరిక పూర్తి అయిన పిమ్మట హాజరు కండి.’

మళ్లీ నొక్కాడు. మళ్లీ అదే. వేలు మార్చి నొక్కాడు. హైమవతి ప్లగిన్ తీసేసి మళ్లీ పెట్టింది. కంప్యూటరు ఆపి, కాసేపు దాని మానాన దాన్ని వదిలేసి, మళ్లీ వేసింది. పాతదాని తాలూకు చెత్త ఏమైనా మిగిలిందేమోనని అంతా తుడిచేసింది. పక్క గదిలోని కంప్యూటరు మీద ప్రయత్నించింది. అక్కడ కూడా భుజంగరావు లేడు.

సర్క్యులరు చివర సహాయ కేంద్రం నంబరు ఉంటే ఫోను చేశారు. అవతల ఒక కుర్రగొంతు మర్యాదగా పలికింది.

“ఫిర్యాదు నమోదు చేస్తాను సార్. మీ ఆఫీసులో హాజరైన ఉద్యోగి ఎవరికైనా ఫోనివ్వండి.”

“నేనే మాట్లాడుతున్నానయ్యా, సూపరింటెండెంటుని.”

“మాట్లాడుతున్నారు సార్. ఉన్నారా అని అడుగుతున్నాను.”

“ఉండబట్టే కదా మాట్లాడుతున్నది!”

“నాకు ఇక్కడ తెర మీద మీరు కనబడట్లేదు సార్. లేనివాళ్ల ఫిర్యాదు తీసుకోవడానికి మాకు ఆప్షన్ లేదు. అమరిక అయ్యాక ఫోను చేయండి, అమరిక కాలేదని రాసుకుంటాను.”

భుజంగరావు ఫోను పెట్టేసి, కాసేపు తన చేతులకేసి చూసుకున్నాడు. ఇంతకాలం ఉన్న చేతులే.

అదే రోజు మధ్యాహ్నం ఏటి మధ్యనున్న లంక నుంచి గవర్రాజు వచ్చాడు. లంకకీ కొత్తరేవుకీ మధ్య తిరిగే పంటు అతనిదే. మనుషులు, మోటారు సైకిళ్లు, అరటి గెలలు అన్నీ దాని మీదే దాటాలి. దానికి ఏటా ఇచ్చే అనుమతి పత్రం గడువు తీరిపోయి, పంటు అవతలి ఒడ్డున కట్టేసి ఉంది.

“బాబూ, దరకాస్తు పెట్టి శానా రోజులైందండి. ఒక్క సంతకం కొట్టేయండి. గెలలన్నీ గట్టు మీదే ముగ్గిపోతన్నాయండి. బళ్లోకెళ్లే పిల్లలు కూడా ఇళ్లకాడే ఉన్నారండి.”

“గవర్రాజూ, నేను లేను,” అన్నాడు భుజంగరావు బాధగా.

గవర్రాజు ఆయన్ని కింది నుంచి పైదాకా చూశాడు. తర్వాత హైమవతికేసి తిరిగాడు. “అమ్మగారూ, బాబుగారికి ఒంట్లో బాగుందాండి?”

“బాగానే ఉంది గవర్రాజూ. లేరంతే. నేను కూడా లేను.”

“ఆయ్, మరి ఉన్నోళ్లు ఎప్పుడొత్తారండి?”

దానికి జవాబు చెప్పగలిగినవాళ్లు ఆ గదిలో ఎవరూ లేరు.

నాలుగు రోజులు తిరక్కుండానే కేంద్ర కార్యాలయం నుంచి మెమో వచ్చింది. ‘మీ కార్యాలయమునందు మీరు లేరని తెలిసి విచారించుచున్నాము. ఎందులకు లేరో తెలుపుడు.’ భుజంగరావు రెండు పేజీల సంజాయిషీ రాసి పంపాడు. అది విప్పకుండానే తిరిగొచ్చింది. పైన ఎర్ర సిరాతో, ‘పంపినవారు లేరు’ అని ఉంది. జీతాల సంగతి ఏమవుతుందోనని అందరూ భయపడ్డారు గాని, జీతాల సాఫ్ట్‌వేరు వేరు, దానికీ దీనికీ మాటల్లేవు కాబట్టి అవి ఎప్పటిలాగే పడ్డాయి.

వర్ధనమ్మకి మాత్రం ఈ వార్త బాగా నచ్చింది.

“అయితే మీరిప్పుడు సెలవులో ఉన్నట్టేనా?”

“సెలవు కాదే. గైర్హాజరు.”

“ఏదో ఒకటి లెండి. మా చెల్లెలి గృహప్రవేశానికి రండి. ఎటూ అక్కడ లేరుగా.”

ఆయన వెళ్లలేదు. తను లేని ఆఫీసుకి టైముకి వెళ్లి, వేళ అయ్యేదాకా కూర్చుని వచ్చాడు. ఆ సాయంత్రం ఆవిడ గృహప్రవేశం నుంచి తెచ్చిన బొబ్బట్లు ఆయన ముందు పెట్టింది.

ఆ తర్వాతి వారం, ఆఫీసు ఖాళీగా ఉందో లేదో స్వయంగా తేల్చడానికి జాయింటు డైరెక్టరు పరంజ్యోతి గారు కారులో దిగారు. బొద్దుగా, ఎప్పుడూ చెమట తుడుచుకుంటూ ఉండే మనిషి. భుజంగరావు గుమ్మం దాకా ఎదురెళ్లి నమస్కారం పెట్టాడు.

“ఎవరండీ మీరు?”

“సూపరింటెండెంటునండి. భుజంగరావుని.”

“ఆయన లేరండీ. నేను వచ్చింది ఆ పని మీదే.” పరంజ్యోతి గారు ఫ్యాను కింద కుర్చీ చూసుకుని కూర్చున్నారు. అన్ని గదులూ తిరిగి చూశారు. ప్రతి గదిలోనూ లేచి నిలబడి నమస్కారం పెట్టినవాళ్లకి తల పంకించి, ‘ఖాళీ’ అని రాసుకున్నారు.

హైమవతి అడిగింది, “ఖాళీ ఆఫీసులో టీ తాగుతారా సార్?”

“పోయించండి. చక్కెర తక్కువ.”

టీ తాగి, బిస్కెట్టు తిని, తను వచ్చి వెళ్లినట్టు నమోదు చేయడానికి ఆయన కంప్యూటరు ముందు కూర్చున్నారు. తెర అడిగింది. ఆయన హోదాకి తగ్గట్టు ఆకుపచ్చ బొత్తాం నొక్కారు. ఆయన కూడా ఇంకను హాజరు కాలేదని తెర చెప్పింది. కేంద్ర కార్యాలయానికి ఫోను చేస్తే, ఆయన అక్కడి నుంచి బయలుదేరినట్టు నమోదైంది గాని కొత్తరేవు చేరినట్టు నమోదు కాలేదన్నారు. చేరనిదే తిరుగు ప్రయాణం నమోదు కాదన్నారు.

“అంటే నేనిప్పుడు ఎక్కడున్నట్టు?” అన్నారు పరంజ్యోతి గారు, మొదటిసారి చెమట తుడుచుకోవడం మరిచిపోయి.

“దారిలో ఉన్నట్టండి,” అంది హైమవతి.

“ఎన్నాళ్లు?”

“దారిలో ఉన్నంతకాలం సార్.”

ఆయన అతిథి గృహంలో మకాం పెట్టారు. మొదట రెండు రోజులు మండిపడ్డారు. మూడో రోజున ఏటి గాలికి బాగా నిద్ర పట్టింది. తర్వాత లుంగీలోకి మారి, రోజూ పొద్దున్నే ఆఫీసుకొచ్చి భుజంగరావుతో పేపరు పంచుకుని చదువుకోవడం మొదలుపెట్టారు. ఆయన్ని వెతకడానికి కేంద్ర కార్యాలయం పంపిన ఇంకో అధికారి కూడా వచ్చి, బొత్తాం నొక్కి, దారిలో ఉండిపోయాడు. ఆయనకి చీట్లపేక బాగా వచ్చని తేలింది.

ఈలోగా గవర్రాజు మళ్లీ వచ్చాడు. ఈసారి ఒక అరటి గెల భుజాన వేసుకొచ్చి భుజంగరావు బల్ల మీద పెట్టాడు. గెల పండి, మచ్చలు తేలి, గదంతా తియ్యటి వాసన. దాన్ని చూసి భుజంగరావుకి ఒక ఊరు ఊరంతా అవతలి ఒడ్డున నిలబడి తనకేసి చూస్తున్నట్టనిపించింది.

ఆయన బీరువా తెరిచి శాఖ నియమావళి బయటికి తీశాడు. పరంజ్యోతి గారు ముందు సగం, హైమవతి వెనక సగం పంచుకుని వెతికారు. సాయంత్రానికి హైమవతి కేక పెట్టింది.

“దొరికింది సార్! ‘గడువులోగా అధికారి అభ్యంతరము తెలుపని పక్షమున, అనుమతి మంజూరైనట్లే భావింపవలెను.’ గవర్రాజు దరఖాస్తుకి ఆ గడువు మొన్నే అయిపోయింది. అభ్యంతరం చెప్పడానికి ఇక్కడ ఎవరున్నారు?”

“ఎవరూ లేరు,” అన్నారు పరంజ్యోతి గారు తేటపడిన మొహంతో. “నేను స్వయంగా రాసుకున్నాను కదా.”

“అయితే పంటు తిప్పుకోవచ్చాండి?” అన్నాడు గవర్రాజు.

ఇన్నేళ్లుగా భుజంగరావు ఎన్నో పంట్లకి సంతకాలు పెట్టాడు గాని, అన్నీ కుర్చీలో కూర్చునే పెట్టాడు. కాయితం వెనక కాయితం వస్తూ ఉంటే రేవుకి వెళ్లే తీరికెక్కడిది? ఇప్పుడు కాయితం లేదు. పంటు మాత్రం ఉంది. దాని మీద బడి పిల్లలు ఎక్కబోతున్నారు.

“ఉండు, నేను కూడా వస్తాను,” అన్నాడు.

హైమవతి కూడా బయలుదేరితే, గవర్రాజుతో కలిసి ముగ్గురూ చిన్న పడవ మీద అవతలి ఒడ్డుకి వెళ్లారు. భుజంగరావు ప్యాంటు మడిచి బురదలో దిగి, పంటు చుట్టూ తిరిగాడు. చెక్కల్ని వేళ్లతో కొట్టి చూశాడు. లైఫ్ జాకెట్లు ఒక్కొక్కటీ లాగి చూశాడు.

“ఏవైనా అబ్యంతరవాండి?” అన్నాడు గవర్రాజు బెరుగ్గా.

“అభ్యంతరం చెప్పడానికి నేను లేను గవర్రాజూ. అయినా ఆ మూల తడి ఏంటి?”

అది చిన్న చిల్లు. అనుమతి పత్రం ఉన్న రోజుల్లో ఎవరూ చూడని చిల్లు. గవర్రాజు ఆ పూటే దాన్ని పూడ్పించాడు. మర్నాడు పంటు కదిలింది. గట్టు మీద జనం చప్పట్లు కొడుతుంటే, భుజంగరావు పాదాలకి అంటిన బురద కడుక్కోవడం మరిచిపోయి నిలబడిపోయాడు.

ఇక ఆ తర్వాత కొత్తరేవులో దరఖాస్తు పెట్టడమే ఆలస్యం. గడువు రాగానే అభ్యంతరం లేదు కాబట్టి మంజూరు. ఈలోగా ఆఫీసులో లేనివాళ్లంతా రేవులు పట్టుకుని తిరుగుతూ, దేనికి చిల్లు ఉందో, దేనికి తాడు చివికిందో చూసి చెబుతున్నారు. పరంజ్యోతి గారికి నడక వల్ల బొజ్జ తగ్గింది. మూడు నెలల లెక్కలు తీస్తే, రాష్ట్రంలో పెండింగు దరఖాస్తు ఒక్కటి కూడా లేని ఆఫీసు కొత్తరేవే.

కమిషనరు గారు పొంగిపోయి, సన్మాన సభ పెట్టించారు. సిబ్బంది లేరు కాబట్టి వాళ్లని వేదిక మీదికి పిలవడం కుదరలేదు. ఒక ఖాళీ కుర్చీకి శాలువా కప్పారు. భుజంగరావు ముందు వరసలో కూర్చుని అందరితోపాటు చప్పట్లు కొట్టాడు.

“సేవకు ప్రధాన ఆటంకము సేవకుడే అని ఈ కార్యాలయము నిరూపించినది,” అన్నారు కమిషనరు గారు మైకులో. “సిబ్బంది యొక్క సంపూర్ణ అనుపస్థితి ద్వారా సాధించిన ఈ ప్రగతిని రాష్ట్రవ్యాప్తము చేయుదుము. అన్ని కార్యాలయములందునూ ఉపస్థితి ప్లగిన్ యొక్క అమరిక ఇదే విధముగా విఫలము కావలెనని ఆదేశించుచున్నాను.”

అన్ని ఆఫీసులూ ఆదేశాన్ని పాటించాయి. ఎక్కడికక్కడ ఉద్యోగులు ఆకుపచ్చ బొత్తాం నొక్కి, లేకుండా పోయి, ఊపిరి పీల్చుకున్నారు. ఒక్క పెదపాయ ఆఫీసు మాత్రం ఎదురు తిరిగింది. అక్కడ అమరిక విజయవంతంగా పూర్తయిపోయింది. ఉద్యోగులందరూ హాజరు.

కేంద్ర కార్యాలయంలో కలకలం రేగింది. లోపం ఎక్కడుందో కనిపెట్టి సరిచేయమని, ఈ విషయంలో అనుభవజ్ఞుడైన భుజంగరావుని విచారణాధికారిగా వేశారు. లేని మనిషిని ఎలా వేస్తారని ఎవరో అడిగితే, నిష్పాక్షికత కోసమేనని కమిషనరు గారు సెలవిచ్చారు.

భుజంగరావు పెదపాయ వెళ్లేసరికి ఆఫీసు బయట జనం వీధి మలుపు దాకా నిలబడి ఉన్నారు. లోపల ఒక్కరు కూడా తల ఎత్తడం లేదు. అక్కడి సూపరింటెండెంటు కాంచనమాల ఆయన్ని చూసి లేవబోయి, తెరకేసి చూసి మళ్లీ కూర్చుంది. తెర మీద ‘ఇంకను ఉన్నారా?’ అని వచ్చింది. ఆవిడ ‘ఉన్నాను’ అని నొక్కింది.

“ఇది మాటిమాటికీ అడుగుతుందండీ. నొక్కకపోతే లేనట్టు రాసేసుకుంటుంది. అందుకని అందరం ఇక్కడే ఉండి నొక్కుతున్నాం,” అంది ఆవిడ కళ్లు నులుముకుంటూ.

“మరి ఆ బయట జనం?”

“వాళ్ల పని చూడాలంటే చెయ్యి ఖాళీ ఉండాలి కదండీ.”

భుజంగరావు గొంతు సవరించుకుని విచారణ ప్రారంభించాడు. “అమరిక ఎలా పూర్తయింది?”

“ప్లగిన్‌తోపాటు ఒక సూచనల కాయితం వచ్చిందండీ. మొదట ‘తర్వాత’ నొక్కి, అమరిక పూర్తి చేసుకుని, అప్పుడు హాజరు కమ్మని అందులో ఉంది. అలాగే చేశాం.”

“కాయితం చదివారా?”

“చదివామండీ.”

“ఎందుకు చదివారు?”

కాంచనమాలకి కళ్లలో నీళ్లు తిరిగాయి. “అందరూ చదువుతారనుకున్నామండీ. ఇంతదాకా వస్తుందని తెలియదు. నిజంగా తెలియదు.”

ఆయన మెత్తబడ్డాడు. ఆవిడ తెర మీద, పేరు పక్కన, నిగనిగలాడుతూ ఒక పచ్చటి టిక్కు. ‘హాజరు.’ దాన్ని చూస్తుంటే భుజంగరావు గుండె ఒక్కసారి పీకింది. ఎన్నాళ్లయింది తన పేరు పక్కన ఆ మాట చూసుకుని!

“విజిటింగు ఆఫీసర్లకి కూడా ఉందండీ ఇందులో. మీరు కూడా నొక్కుతారా?” అందావిడ, ఆయన మొహం చూసి.

భుజంగరావు చెయ్యి చాచాడు. వేలు బొత్తాం దాకా వెళ్లింది. ఇంతలో ఆ గదిలోని తెరలన్నీ ఒక్కసారిగా ‘ఇంకను ఉన్నారా?’ అని అడిగాయి. ఒక్కసారిగా అందరూ టకటకా నొక్కారు. కిటికీలోంచి ఒక పడవ సరంగు లోపలికి చూస్తూ, “అయ్యా, మీలో ఎవరైనా ఉన్నారాండి?” అని అడిగాడు. ఎవరూ పలకలేదు.

భుజంగరావు చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ప్యాంటు మడుచుకుని, “ఏ రేవండీ మీది? పదండి చూద్దాం,” అంటూ బయటికి నడిచాడు. సాయంత్రం దాకా ఆ వరసలో ఉన్నవాళ్ల పడవలన్నీ చూసి, తిరుగు బస్సులో కూర్చుని నివేదిక రాశాడు. ‘లోపమునకు కారణము: సూచనలు చదువుట. నివారణ: సిబ్బందికి చదువు వచ్చును గనుక కష్టము.’

కమిషనరు గారు దాన్ని శ్రద్ధగా పరిశీలించారు. సిబ్బందిని మార్చలేం కాబట్టి సూచనల్నే మార్చాలని నిర్ణయించారు. ఇకపై అన్ని సూచనలూ పూర్తి పరిపాలనా భాషలోనే ఉండాలని, మొదటి ముసాయిదా భుజంగరావే తయారు చేయాలని ఆదేశించారు.

భుజంగరావు రేవు గట్టు మీద కూర్చుని మొదటి వాక్యం మొదలుపెట్టాడు. ‘పూర్వోక్త ప్రాథమిక అమరికా ప్రక్రియయందు ఏతద్విషయక ఉపస్థిత్యంగీకార పూర్వక నిరాకరణేతర వికల్పమును, అన్యథా నిర్దేశింపబడని యెడల తప్ప, అనుసరింపకుండుటకు మినహాయింపు లేకుండునట్లు చూడవలెను.’ ఒకసారి చదువుకున్నాడు, అర్థం కాలేదు. హైమవతికి ఇచ్చాడు. ఆవిడ చదివి, ఆకాశంకేసి చూసి, పరంజ్యోతి గారికి అందించింది. ఆయన కళ్లద్దాలు తుడుచుకుని రెండుసార్లు చదివి, “ఇందులో నొక్కమన్నారా, వద్దన్నారా?” అని అడిగారు.

భుజంగరావు కాయితం తీసుకుని సంతృప్తిగా మడిచి, కవరులో పెట్టాడు.